వెయ్యికి ఎనిమిది పాయింట్ ఆరు

ఆదివారం ఉదయం ఏడూ పదికి శుభవార్త వచ్చింది. వంటగట్టు మీది ఫోను టింగుమనగానే ఈశ్వరి పాలగిన్నె మీంచి చూపు తిప్పి, తెర చూసి, “ఓలమ్మో!” అని అరిచింది. ఆ అరుపుకి ఆగినట్టుగా ఒక్క క్షణం ఆగి, పాలు పొంగిపోయాయి.

ఓడరేవులో రాత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇల్లు చేరిన నరేష్ గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. అతను క్రేను ఆపరేటరు. రాత్రంతా కంటెయినర్లు ఎత్తి దించి వచ్చాడు. పది గంటలదాకా పడుకుని, లేచి, ఇద్దరూ బండి మీద యారాడలోని అత్తవారింటికి భోజనానికి వెళ్ళాలన్నది ఆ పూట ఏర్పాటు.

“ఏటైంది?” అన్నాడు కంగారుగా.

“దొరబాబు బావకి ఏడొందల నలబై రెండు అంటండీ!”

“ఏటి, బోనసా?”

“బోనసేటి! టెస్టోస్టిరాన్!”

దొరబాబు ఈశ్వరి అక్క దుర్గ భర్త. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. నలభై ఒక్క ఏళ్ళు, కొద్దిగా పొట్ట, ఆదివారం ఆదివారం రంగు వేసుకునే మీసం. ఈమధ్య రక్తపరీక్షలన్నీ ఒకేసారి చేసే ప్యాకేజీ ఏదో చేయించుకున్నాడు. ఆ రిపోర్టు వచ్చిందని దుర్గ కుటుంబం గ్రూపులో పెట్టింది. ‘మీ బావగారికి మగాళ్ళ హార్మోను 742. ఉండాల్సింది 300 నుంచి 1000. కుర్రాడి రక్తం!’ అని రాసి, కింద కండ పొంగించిన చెయ్యి బొమ్మలు నాలుగు వరుసగా పేర్చింది.

వెంటనే అత్తగారు గంగాలమ్మ గొంతు మోగింది. ఆవిడ టైపు చెయ్యదు, మాట్లాడి పంపుతుంది. “ఏడొందల నలబై రెండేటే? ఎన్నికి?”

‘వెయ్యికి అత్తా’ అని దొరబాబు జవాబు పెట్టాడు.

“పాసు మార్కులెన్ని?”

‘మూడొందలు.’

“అయితే ఫస్టు కళాసే!”

అంతే. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో టెస్టోస్టిరాన్ అంటే మార్కులు.

నరేష్ కి ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళయి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో అద్దె ఇంట్లోకి ఒకే రంగు టీ కప్పులు రెండు, పక్కపక్కనే తగిలించే హెల్మెట్లు రెండు వచ్చాయి. బండి మీద వెనక కూర్చున్నావిడ సింధియా జంక్షన్ దాటగానే అతని భుజం మీద గెడ్డం ఆనించడమనే అలవాటొకటి వచ్చింది. ఇంత సంతోషంలోనూ అతనికి ఒక్క ముల్లు ఉంది. ఈశ్వరి అతన్ని ‘ఏవండీ’ అంటుంది. దొరబాబుని ‘బావా’ అంటుంది. అక్క మొగుణ్ణి బావ అనక ఏమంటారు? ఆ సంగతి నరేష్ కి తెలుసు. తెలిసినా, అంత తీపి పిలుపు ఆ రంగుమీసం పాలవడం అతనికి సహించేది కాదు. ఇప్పుడు దానికి తోడు ఏడు వందల నలభై రెండు.

పడుకున్నాడు. నిద్ర రాలేదు. ఫ్యాను మూడు రెక్కలూ ఏడు, నాలుగు, రెండులాగా తిరిగాయి.

*

ఆ వేళ మామగారి వలలో పెద్ద కోనెం చేప పడింది. గంగాలమ్మ సగం అమ్మకుండా అట్టేపెట్టి పులుసు పెట్టింది. ఆ ఇంట్లో ఒక కట్టు ఉంది. పెళ్ళయిన ఏడాది తిరిగేదాకా పెద్ద చేప తల కొత్తల్లుడి కంచంలోనే పడాలి. ఈ మూడు నెలల్లో నరేష్ ఆ లెక్కన పది తలలు తిన్నాడు. ఆ అలవాటుతోనే కంచంలో అన్నాన్ని పక్కకి జరిపి, తలకి చోటు చేశాడు.

గరిట అతని కంచం మీదుగా దాటి, పక్కన దొరబాబు కంచం మీద ఆగింది.

“ఏటనుకోకు బాబూ,” అంది గంగాలమ్మ. “ఇయ్యాల పెద్దల్లుడికి. మార్కులొచ్చాయి కదా.”

“తమ్ముడికే ఏసీ అత్తా,” అన్నాడు దొరబాబు కంచం రెండు చేతులా దగ్గరికి లాక్కుంటూ. “ఒంటికి బలం. నాకేటి, నాకు ఉంది కదా.”

నరేష్ తోక ముక్క నమిలాడు. అందులో ముళ్ళు ఎక్కువ.

“ఓపాలి నువ్వూ సేయించుకో తమ్ముడూ,” అన్నాడు దొరబాబు చేప చెంప ఊడదీస్తూ. “బయపడకు. సిన్న సూదే.”

నరేష్ నోరు తెరిచేలోపే ఈశ్వరి అందుకుంది. “మా ఆయనకి బయవేటి బావా? రేపే సేయించుకుంటారు. తొమ్మిదొందలొత్తాది, సూడు!”

“తొమ్మిదొందలే!” అంది దుర్గ. “సరే, సూద్దాం. గ్రూపులో పెట్టు మరి.”

“పెడతాను. బొమ్మలు ఎనిమిది పెడతాను.”

ఈశ్వరి కళ్ళు మెరుస్తున్నాయి. పందెంలో ఉన్నదంతా తన మొగుడి మీద కాసేసి, గెలిచేసినట్టే కూర్చున్న కళ్ళవి. నరేష్ ఆ కళ్ళనే చూస్తూ తోక ముక్క పక్కకి నెట్టాడు. తక్కువొస్తే తనకేమవుతుందన్నది తర్వాత, ఈ కళ్ళేమవుతాయి?

*

ఆ రాత్రి అతనికి ఆ వారంలో ఆఖరి నైట్ డ్యూటీ. క్రేను క్యాబిన్లో కూర్చుని సందు దొరికినప్పుడల్లా ఫోన్లో చదివాడు. ‘ఈ పరీక్షకు రక్తం ఉదయం పూట ఇవ్వాలి’ అని ఉంది. ఉదయం అని కనపడగానే తృప్తి పడి ఫోను మూసేశాడు. ఆ కిందున్న రెండు వాక్యాలూ చదివి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

సోమవారం ఆరింటికి డ్యూటీ దిగాడు. ఆకలికి ఆగలేక గేటు బయట బండి దగ్గర ఇడ్లీ రెండు ప్లేట్లు అల్లం చట్నీతో తిన్నాడు. టీ రెండుసార్లు తాగాడు. అక్కణ్ణుంచి గాజువాకలో ఒక సందులోని ల్యాబుకి వెళ్ళాడు. అక్కడ షుగరు పరీక్షలవాళ్ళ వరుస దువ్వాడ స్టేషన్లో టికెట్ల వరుసలా ఉంది. అతని వంతు వచ్చేసరికి పదకొండయింది.

రక్తం తీసే అమ్మాయి పేరు సుధారాణి. చీటీ చూసి, అతని ముఖం చూసింది.

“రాత్రి బాగా పడుకున్నారా సార్?”

లేదంటే వెనక్కి పంపేస్తుందేమోనని నరేష్ కి భయం వేసింది. వెనక్కి వెళ్తే గ్రూపులో ఏమని చెప్పాలి? “ఆఁ, బాగా పడుకున్నానండీ,” అన్నాడు ఎర్రటి కళ్ళు పెద్దవి చేసి.

“ఏటైనా తిన్నారా?”

“మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదండి.”

సుధారాణి అతని చొక్కా వైపు ఒక్క చూపు చూసింది. రక్తం తీసి, దూది అద్దింది.

సాయంత్రం రిపోర్టు ఫోనుకి వచ్చింది. ఈశ్వరి పక్కింటికి పెరుగు తోడు కోసం వెళ్ళిన సందు చూసుకుని, నరేష్ స్నానాలగదిలో తలుపేసుకుని తెరిచాడు. ఎర్ర అక్షరాల్లో ఒకటే అంకె కనిపించింది. 8.6.

మళ్ళీ చూశాడు. ఎనిమిది పక్కన చుక్క ఉంది. చుక్క తర్వాత ఆరు ఉంది. మిగతా గడుల్లో ఏముందో చూసే ధైర్యం లేక మూసేశాడు. వెయ్యికి ఎనిమిది పాయింట్ ఆరు. పదో తరగతి హిందీలో కూడా ఇంతకంటే నయం. వద్దనుకుంటూనే ఏడు వందల నలభై రెండుని ఎనిమిది పాయింట్ ఆరుతో భాగించాడు. ఎనభై ఆరు వచ్చింది. అంటే దొరబాబు ఒక్కడే తనలాంటివాళ్ళు ఎనభై ఆరుగురికి సమానం. ఎనభై ఆరుగురు నరేష్ లు ఒక పక్క, కోనెం తల చప్పరిస్తున్న దొరబాబు ఒక పక్క నిలబడినట్టు కళ్ళకు కట్టింది.

“వచ్చిందేటండీ?” అని తలుపు బయటినుంచి ఈశ్వరి గొంతు.

“లేదు! వారం పడతాదంట. మెషీను పాడయిందంట.”

పాపం, ఆ మాటను ఈశ్వరి గ్రూపులో పెట్టింది. దొరబాబు వెంటనే, ‘తమ్ముడి రక్తానికి మెషీను తట్టుకోలేకపోయిందా?’ అని రాసి, నవ్వు బొమ్మలు అతికించాడు. ఈశ్వరి దాన్ని పొగడ్త అనుకుని మురిసిపోయింది.

చీకటి పడ్డాక నరేష్ మేడ మీదికెళ్ళి ల్యాబు నంబరుకి ఫోను చేశాడు. సుధారాణే ఎత్తింది. “మేడమ్, ఇది తప్పు అయుంటాదా? మళ్ళీ ఇవ్వచ్చా? ఒక్క మాట, మా ఇంట్లో మాత్రం తెలీకూడదు,” అని గుసగుసగా అన్నాడు. అవతల ఆవిడ, “నిజం సెప్పండి సార్, ఇయ్యాల పొద్దున్న...” అంటుండగా మెట్ల మీద పట్టీల చప్పుడైంది. ఫోను కట్ చేశాడు. ఎందుకైనా మంచిదని ఆ నంబరును ‘కొండలరావు సూపర్వైజర్’ అని దాచుకున్నాడు. మంచిదని చేసిన పనుల్లో ఇంతకంటే చెడ్డది అతను జీవితంలో చెయ్యలేదు.

*

మంగళవారం నుంచి అతనికి పొద్దుటి షిఫ్ట్. మధ్యాహ్నం రెండింటికి దిగుతాడు. దిగగానే వైద్యం మొదలు. ఎవరో పచ్చి ఉల్లిపాయ మంచిదన్నారని పూటకి రెండు పచ్చి ఉల్లిపాయలు. ఎవరో ఎండు రొయ్యలన్నారని గుప్పెడు ఎండు రొయ్యలు. గుడ్లు అరడజను. ఇవి చాలక రెండు డంబెల్స్ కొని, మొదటి రోజే యాభైసార్లు ఎత్తి, భుజం పట్టేసి, బుధవారం పొద్దున్న చొక్కా తొడుక్కోలేకపోయాడు. ఈశ్వరే తొడిగింది. తొడుగుతూ ముక్కు తిప్పుకుంది.

ఆ రాత్రి నుంచి “బుజం నొప్పి, నువ్వు కదిల్తే తగుల్తాది,” అని చాప తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. అసలు సంగతి వేరు. ఎనిమిది పాయింట్ ఆరు మార్కులవాడికి ఆ గదిలో ఉండే హక్కు లేదని అతనికి అనిపించింది.

ఈశ్వరి ఒంటరిగా పడుకుని ఆలోచించింది. మూడు నెలలుగా భుజం మీద గెడ్డం ఆనించనిచ్చిన మనిషి హాల్లో చాప మీద పడుకుంటున్నాడు. ఫోను బోర్లించి పెడుతున్నాడు. మేడ మీద గుసగుసలు. డంబెల్స్. ఇవన్నీ కలిపితే ఒకటే అర్థం. కానీ ఉల్లిపాయ దగ్గర లెక్క కుదరలేదు. ఇంత కంపు కొడుతున్న మగాణ్ణి దగ్గరికి రానిచ్చే ఆడది ఎవత్తె? ఎవత్తో గానీ, దానికి ఈయనంటే తనకంటే ఎక్కువ ఇష్టమై ఉండాలి. ఆ ఆలోచన రాగానే ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం సాయంత్రం నరేష్ స్నానం చేస్తుండగా ఫోను మోగింది. తెర మీద ‘కొండలరావు సూపర్వైజర్’ అని ఉంది. డ్యూటీ మాటేమోనని ఈశ్వరి ఎత్తింది. హలో అనేలోపే సన్నటి ఆడగొంతు గబగబా మొదలెట్టింది.

“సార్, నాను సుధారాణి. సోమవారం మీరు అబద్దం సెప్పారు కదా? సొక్కా మీద అల్లం సట్నీ సూసినప్పుడే నాకు తెల్సిపోయింది. పర్లేదు లెండి. రేపు సాయంత్రం ఆరింటికి వచ్చీయండి, నానుంటాను. మీ ఇంట్లో తెలీకూడదన్నారు కదా, నానెవరికీ సెప్పను.”

అవతల పెట్టేశారు.

అల్లం చట్నీ మరక! ఆ మరకను సోమవారం సాయంత్రం సబ్బు పెట్టి రుద్దింది తను. తన మొగుడి చొక్కా మీది మరకను తనకంటే ముందు చూసే హక్కు ఆ సుధారాణికి ఎవరిచ్చారు? అంత దగ్గరగా నిలబడి చూసిందా? ఏడుపు కంటే ముందు ఈర్ష్య వచ్చింది. ఈర్ష్య వెనకే ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అమ్మకి ఫోను చేసింది.

“అమా! కొండలరావు ఆడదే!”

“ఏటే, ఏటి సెప్తన్నావ్?” అంది గంగాలమ్మ. అంతా విన్నాక ఆవిడ గొంతు మారింది. “సరే. నువ్వేటీ తెలీనట్టే ఉండు. రేపు సాయంత్రం మేవందరం వత్తాం. ఎవత్తో సూత్తాను.”

*

శనివారం ఆరింటికి నరేష్ బండి ల్యాబు ముందు ఆగింది. దాని వెనకే యాభై గజాల దూరంలో దొరబాబు కారు ఆగింది. అందులోంచి పెద్దల్లుడి హోదాలో దొరబాబు, తర్వాత దుర్గ, కళ్ళు వాచిన ఈశ్వరి, చీర చెంగు నడుముకి బిగించిన గంగాలమ్మ దిగారు.

నరేష్ లోపల బల్ల మీద కూర్చున్నాడు. ల్యాబు వెనక గదిలోనే డాక్టరు కృష్ణంరాజు చూస్తారు. తేడాగా వచ్చిన రిపోర్టులున్నవాళ్ళని ఆయనే పిలిపిస్తారు. సుధారాణి ఫోను చేసింది అందుకే. నిన్న ఫోన్లో జవాబు రాకపోయేసరికి ఆమె ఈ పొద్దున్న ఇంకోసారి చేసి, నేరుగా నరేష్ కే చెప్పింది కూడా. తలుపు ధడాలున తెరుచుకుంది.

“ఎవత్తే ఇక్కడ సుధారాణి?” అంది గంగాలమ్మ. నలభై ఏళ్ళు పూర్ణా మార్కెట్లో చేపలమ్మిన గొంతు అది. గోడ మీది క్యాలెండరు ఊగింది.

లోపలి గదిలోంచి చేతులకి తొడుగులు, కుడిచేతిలో సూదితో ఓ అమ్మాయి వచ్చింది. “నానేనమ్మా. ఎవరికి తియ్యాలి?”

గంగాలమ్మ సూది వైపు చూసి మెల్లగా కుర్చీలో కూర్చుంది. “నాకు కాదు తల్లీ,” అంది.

“ఈవిడేనా?” అంది ఈశ్వరి, నరేష్ ముందుకు వచ్చి నిలబడి. “కొండలరావు ఈవిడేనా? సెప్పండి! నా దగ్గర లేనిది ఈవిడ దగ్గరేటుంది?”

“నా రక్తం ఉంది,” అన్నాడు నరేష్ నీరసంగా.

ఇంక దాచి లాభం లేదు. దొరబాబు ఎదురుగానే ఉన్నాడు, మీసానికి ఒకరోజు ముందే వేసుకున్న కొత్త రంగుతో. దుర్గ చేతిలో ఫోను సిద్ధంగా ఉంది. నరేష్ నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. “రిపోర్టు సోమవారమే వచ్చింది ఈశ్వరీ. వెయ్యికి ఎనిమిదీ పాయింటారు. నువ్వు తొమ్మిదొందలని అందరి ముందూ అన్నావ్. నీ మొకం ఎలా సూడాలో తెలీక హాల్లో పడుకున్నాను.”

దొరబాబు దగ్గు తెచ్చుకున్నాడు.

“అంతేనా?” అంది ఈశ్వరి.

“అంతేనేటి? ఎనిమిది!”

“ఇంకెవరూ లేరా?”

“ఇంకెవరుంటారు? ఉల్లిపాయలు తిని సస్తన్నాను!”

ఈశ్వరి ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. అమ్మా అక్కా బావా చూస్తున్నారన్న సంగతి మరిచిపోయి అతని నొప్పి భుజం పట్టుకుని ఊపేసింది. నరేష్ కెవ్వుమన్నాడు. “ఎనిమిదైతే ఏటండీ! సున్నా అయినా నాకు పర్లేదు! ఆవిడ కాకపోతే సాలు!” అంది నవ్వుతూ, ఏడుస్తూ.

“సున్నా అయితే పర్లేదు అనకూడదమ్మా,” అని లోపల్నించి డాక్టరు కృష్ణంరాజు వచ్చారు. సన్నటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీద. నరేష్ ఫోను తీసుకుని చూశారు. “వెయ్యికి ఎనిమిదని ఎవరు చెప్పారు నీకు?”

“అందరూ వెయ్యికే కదండీ?”

“కిలోల్లో తూచినదీ వీశెల్లో తూచినదీ పక్కపక్కన పెట్టి చూస్తావా? మా ల్యాబులో కొలత వేరు. ఇదిగో పక్క గడిలోనే ఉంది. ఈ కొలతలో సుమారు పది నుంచి ముప్ఫై అయిదు దాకా ఉండాలి. మీ వాళ్ళు చెప్పే కొలతలోకి మార్చాలంటే దీన్ని దాదాపు ఇరవై తొమ్మిదితో హెచ్చవెయ్యాలి. రెండు వందల యాభైకి కాస్త తక్కువ వస్తుంది.”

“రెండొందల యాబై!” అన్నాడు నరేష్, లాటరీ తగిలినట్టు.

“సంతోషించకు, ఏడవనూ ఏడవకు. కొంచెం తక్కువే. కానీ ఈ హార్మోను నిద్ర లేచిన తెల్లవారుజామున ఎక్కువ, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఏడు, పది గంటల మధ్యలో, తినకుండా ఇవ్వమంటాం. నువ్వేం చేశావు?”

“రాత్రంతా క్రేను మీదున్నారు,” అంది ఈశ్వరి.

“రెండు ప్లేట్లు ఇడ్లీ తిన్నారు,” అంది సుధారాణి.

ఈశ్వరి ఆమె వైపు చురుగ్గా చూసింది. రెండు ప్లేట్లన్న సంగతి ఈవిడకెలా తెలుసు?

“మరక సైజు సూసి సెప్పాను,” అంది సుధారాణి.

“నిద్రలేని ఒళ్ళు, నిండిన కడుపు, పదకొండు గంటలు. అలాంటి రక్తంతో ఏదీ తేల్చం. తేల్చాలంటే మళ్ళీ చెయ్యాలి. ఒక్కసారి తక్కువొస్తే జబ్బు కాదు. ఒంట్లో లక్షణాలు కూడా ఉండాలి,” అని డాక్టరు గారు గొంతు తగ్గించారు. “నీరసం, కోరిక తగ్గడం, అలాంటివేమైనా...?”

“లేవండీ!” అంది ఈశ్వరి.

మరీ త్వరగా అంది. అన్నాక తెలిసింది. చెంగుతో ముఖం కప్పుకుంది. గంగాలమ్మ క్యాలెండర్లో ఆ నెల పండగలన్నీ శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. ఆవిడకి చదువు రాదు.

“ఇంకో మాట,” అన్నారు డాక్టరు గారు. “ఇవి మార్కులు కావు. ఉండాల్సిన హద్దుల్లో ఉంటే చాలు. నాలుగొందలవాడికంటే తొమ్మిదొందలవాడు రెండింతల మగాడేమీ కాదు.”

ఇది విని దొరబాబుకి మనసు చివుక్కుమంది. “అలాగంటారేటండీ. నాది ఏడొందల నలబై రెండు,” అని తన ఫోను అందించాడు.

డాక్టరు గారు కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించారు. తెరను పెద్దది చేశారు. ఇంకొంచెం పెద్దది చేశారు.

“ఇది బి పన్నెండు కదండీ.”

“ఏటి?”

“విటమిన్ బి పన్నెండు. ఏడు వందల నలభై రెండు. టెస్టోస్టిరాన్ దాని కింద వరస. అక్కడ అంకె గడి ఖాళీగా ఉంది. ‘నమూనా చాలలేదు, మళ్ళీ ఇవ్వాలి’ అని చిన్న అక్షరాల్లో రాశారు. ఖాళీ గడి చూసి మీ కన్ను పైవరసకి జారినట్టుంది.”

దుర్గ ఫోను లాక్కుని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. పైవరస చదివింది తనే. అయినా మొగుణ్ణే చూసింది.

“అయితే మా పెద్దల్లుడికి ఎన్నొచ్చినట్టు బాబూ?” అంది గంగాలమ్మ క్యాలెండరు వదిలి.

“ఏమీ రాలేదమ్మా. పరీక్షే జరగలేదు.”

“పరీచ్చ రాయకుండానే నా కోనెం తల తినీసాడా!”

“ఈ బి పన్నెండు మాత్రం బాగుంది,” అన్నారు డాక్టరు గారు ఓదార్పుగా. “చేపలు బాగా తినేవాళ్ళకి ఇలాగే ఉంటుంది.”

గంగాలమ్మ కుర్చీలోంచి లేచింది. “అంటే ఆ సేపలు పెట్టింది నాను కదా? అయితే ఆ మార్కులు నావి!”

దొరబాబు బల్ల మీద నరేష్ పక్కన కూలబడ్డాడు. మెల్లగా అన్నాడు. “అసలు ఈ పరీచ్చ ఎందుకు సేయించుకున్నానో తెలుసేటి తమ్ముడూ? నీ మూలానే. మీ పెళ్ళయిన కాణ్ణుంచి మా ఇంట్లో ఒకటే గోల. నరేష్ ఈశ్వరిని బండి మీద తిప్పుతాడు, నరేష్ పూలు తెత్తాడు, నరేష్ కప్పులు కడుగుతాడు. పొద్దున్న లేత్తే నీ పేరే. నాకేటైనా లోటుందేమోనని ఎల్లి రక్తం ఇచ్చొచ్చాను. దుర్గ ఆ అంకె సదివినాక నాకు ఎంత ధైర్యవొచ్చిందో!”

నరేష్ తలెత్తి దొరబాబు వైపు చూశాడు. ఈ మీసం తనను చూసి ఈర్ష్యపడుతోందా? వారం రోజులు మింగిన ఉల్లిపాయలన్నీ ఒక్కసారిగా తియ్యగా అయిపోయాయి. “కప్పులు రెండే ఉన్నాయన్నయ్యా,” అన్నాడు దయగా. “కడగడం పెద్ద పనేం కాదు.”

“ఇద్దరూ రేపు రండి,” అన్నారు డాక్టరు గారు. “నరేష్, నైట్ డ్యూటీలు మానేసి ఎన్నాళ్ళయింది?”

“ఐదు రాత్రులైందండి. పడుకుంటన్నాను. హాల్లో.”

“ఎక్కడైనా నిద్రే. రేపు ఉదయం ఏడున్నరకి, ఖాళీ కడుపుతో. ఈ రాత్రి ఇద్దరూ పెందలాడే పడుకోవాలి. బాగా నిద్రపోయి రావాలి. అంతే.”

బయటికొచ్చేసరికి గాజువాక వీధిదీపాలు వెలిగాయి. దొరబాబు కారు తాళం తీస్తూ ఆగాడు.

“నానైతే తొమ్మిదికే పడుకుంటాను తమ్ముడూ.”

“నాను ఎనిమిదిన్నరకే, అన్నయ్యా.”

“అయితే నాను ఎనిమిదికి.”

అప్పటికి ఏడున్నర అయింది. యారాడ కొండ దాటి అత్తగారిని దింపి మరీ ఇంటికెళ్ళాలి. దొరబాబు కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఈశ్వరి బండెక్కి, నొప్పిలేని భుజం ఏదో అడిగి, దాని మీద గెడ్డం ఆనించింది. పది నిమిషాలకి సిగ్నలు దగ్గర ఇద్దరి ఫోన్లూ ఒకేసారి టింగుమన్నాయి. గ్రూపులో దొరబాబు రాశాడు: ‘పడుకున్నాను.’

నరేష్ బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు. హెల్మెట్ తీసి, అద్దానికి తగిలించి, రెండు చేతులా టైపు చేశాడు: ‘నేను పడుకుని అప్పుడే పావుగంటైంది అన్నయ్యా.’

“రేపు ఏడింటికల్లా బయల్దేరాలి. ఏటీ తినకూడదు, నానూ వత్తాను, ఆ సుధారాణి సూది ఎక్కడ గుచ్చుతాదో దగ్గరుండి సూత్తాను,” అంది ఈశ్వరి వెనకనించి. “ఇప్పుడు మాత్రం మెల్లిగా పోనివ్వండి. నిద్దరోతన్న మడిసి బండి తోలకూడదు.”